మూడు రంగుల ముడి

"ఈ గుడ్డలు తీసేస్తేనే స్టిక్కర్. స్టిక్కర్ ఉంటేనే పోటీ."

టోపీ పెట్టుకుని పోటీ బండ్లు తనిఖీ చేస్తున్న ఆ ఇన్‌స్పెక్టరమ్మాయి ఈ మాట అనడం అది మూడోసారి. పేరు ఫాంగ్ అని మెడలోని కార్డు చెబుతోంది. సముయ్ దీవిలో జరిగే ఈ పందేనికి పద్నాలుగు దేశాల వాళ్లు జెట్ స్కీలు వేసుకొచ్చారు. ఒక్కరితోనూ ఆమెకు పేచీ రాలేదు. వచ్చింది ఇదే దీవిలో పుట్టిన టోన్‌క్లాతోనే.

వాడి జెట్ స్కీ ముందుకొనకి మూడు రంగుల గుడ్డలు ముడేసి ఉన్నాయి. మీద బంతిపూల దండ ఒకటి.

"అది మేయానాంగ్ తల్లికి కట్టిందండీ. పడవని కాపాడే తల్లి, మీకు తెలీదా?"

"మా నాన్నదీ చేపల పడవే. నాకే చెబుతున్నారా? ఆ గుడ్డ ఊడి ఇంజన్‌లో ఇరుక్కుందంటే మీ బండి నడిసముద్రంలో ఆగిపోతుంది. వెనకొచ్చేవాడు మీ మీదెక్కేస్తాడు. రూల్ బుక్ చూపించనా?"

"మా అమ్మకి చూపించండి."

ఫాంగ్ అటు చూసింది. గొడుగు కింద, ఒళ్లో జిగురన్నం డబ్బా పెట్టుకుని, సోమ్‌జిత్ వీళ్లనే కన్నార్పకుండా చూస్తోంది. పాతికేళ్లు ఒంటరిగా పడవ నడిపిన మనిషి.

"ఆ తల్లి లేని బండి ఎక్కితే మళ్లీ ఇంటి గడప తొక్కొద్దంది అమ్మ," అన్నాడు టోన్‌క్లా. నవ్వుతూనే అన్నాడు గానీ బండి మీంచి చెయ్యి తియ్యలేదు. ఎనిమిది నెలలుగా పొద్దున్నే లేచి, పనికి వెళ్లేలోపు సముద్రం మీద చక్కర్లు కొట్టింది ఈ ఒక్క రోజు కోసమే. "విప్పితే అమ్మ ఒప్పుకోదు, విప్పకపోతే మీరు ఒప్పుకోరు. నేనెక్కడికి పోవాలో మీరే చెప్పండి."

సన్నగా జల్లు మొదలైంది. ఫాంగ్ ఒక్క నిమిషం వాడి మొహంలోకి చూసింది. ఆ చూపుకి టోన్‌క్లా పోటీ సంగతే మర్చిపోయాడు.

తేరుకునేసరికి ఆమె చెప్పులు విప్పేసి, ఎక్కణ్ణుంచి తెచ్చిందో ఏమో, అగరొత్తులు వెలిగించేసింది.

"తల్లీ, ఒక్క గంటసేపు ఆ రెస్క్యూ పడవ మీద కూర్చో. అక్కణ్ణుంచైతే ఇతను నీకు బాగా కనిపిస్తాడు," అని దణ్ణం పెట్టి, ముడి మీద చెయ్యేసింది.

"ఆగండాగండి! మీరు విప్పకూడదు!"

అప్పటికే విప్పేసింది. గొడుగు కింద నుంచి సోమ్‌జిత్ లేచి వచ్చింది.

"ఎవరు విప్పారు?"

"నేనే పెద్దమ్మా. తల్లిని అడిగే విప్పాను. పడవకి రంగు వేసేటప్పుడు మా ఇంట్లో ఇలాగే చేస్తాం."

"మీ ఇంటి సంగతి సరే. మా ఇంట్లో ఆ ముడి కట్టినా, విప్పినా ఇంటి ఆడవాళ్లే. మా అత్త చేసింది, నేను చేశాను. బయటివాళ్లు ముట్టుకోకూడదు."

ఫాంగ్ మొహం పాలిపోయింది. "తప్పయిపోయింది. ఇప్పుడేం చెయ్యాలి పెద్దమ్మా?"

సోమ్‌జిత్ ఆమెని ఎగాదిగా చూసింది.

"చేసేదేముంది, విప్పనే విప్పావు. నీకు పెళ్లయిందా?"

"అమ్మా!" అని కేక పెట్టాడు టోన్‌క్లా.

"నువ్వెళ్లి నీళ్లలో పడు. ఆడవాళ్లు మాట్లాడుకునేచోట నీకేం పని?"

సోమ్‌జిత్ ఆ గుడ్డలు తీసుకెళ్లి రెస్క్యూ పడవకి కట్టొచ్చింది. ఫాంగ్ స్టిక్కర్ అతికించింది. అది వంకరగా అతుక్కుంది.

పోటీ ఇరవై నిమిషాలు. చివరి మలుపు దాకా టోన్‌క్లా మూడోవాడే. అక్కడ అనవసరంగా తొందరపడ్డాడు, బండి జారింది, వెనకున్నవాడు దూసుకుపోయాడు. నాలుగో స్థానం.

ఒడ్డున సోమ్‌జిత్, తన కొడుకు ప్రపంచాన్నే గెలిచినట్టు చప్పట్లు కొడుతోంది. కొడుకు మాత్రం మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"ఇంతమందిలో నాలుగో స్థానం అంటే మాటలా?" అంది ఫాంగ్, బండి పట్టుకుని ఇసుక మీదికి లాగుతూ.

"మెడల్ పోయిందని కాదు. పోటీ అయ్యాక మొదటి ముగ్గురి బండ్లనే మళ్లీ మీరు చెక్ చేస్తారట. అరగంట పడుతుందట." వాడు తల దించుకున్నాడు. "ఆ అరగంట ఎక్కడ చేజారిపోతుందోనని తొందరపడ్డాను."

ఫాంగ్ కిలకిలా నవ్వింది. జల్లు కాస్తా వానైంది. ఇద్దరూ కదల్లేదు.

"అరగంట నాకు చాలదు," అంది ఆమె. "రేపు నాకు సెలవు. పొద్దున్నే మా ఇంటికి రా. మా నాన్న తలుపు తీస్తాడు, భయపడకు."

'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయిన సంగతి టోన్‌క్లాకి కాస్త ఆలస్యంగా తెలిసింది.

"మీ... మీ నాన్నకి ఏమని చెప్పను?"

"నేనంటే ఇష్టమని చెప్పు. నువ్వంటే నాకు ఇష్టమని ఇందాక నువ్వు నీళ్లలో ఉన్నప్పుడే మీ అమ్మకి చెప్పేశాను."

టోన్‌క్లా దిమ్మెరపోయి వెనక్కి తిరిగాడు. గొడుగు కింద సోమ్‌జిత్, పక్కనున్న ముక్కూమొహం తెలియని విదేశీ ఆవిడ చేతిలో జిగురన్నం పెడుతూ, వానలో తడుస్తున్న టోపీ అమ్మాయిని చూపిస్తోంది.

"అదిగో, ఆ పిల్లే. మా కోడలు."