ఓబుళమ్మ మంచుగుడ్డ

"పడింది! పడిందమ్మా!" శాస్త్రవేత్త డాక్టర్ విరూపాక్ష చిన్నపిల్లాడిలా అరిచాడు.

నలభై అడుగుల టవర్‌లో, చల్లబరిచిన రేకు మీంచి మొదటి చుక్క జారి సీసాలో పడింది. బోర్లన్నీ ఎండిపోయిన గుండ్లమర్రి జనమంతా ఆ చుక్క కోసమే తెల్లారకముందే పొలానికొచ్చి నిలబడ్డారు.

"గాలిలోంచి నీళ్లెట్లొస్తాయి సారూ?" అడిగింది ఆ పొలం గల ఓబుళమ్మ.

"గాలిలో నీటి ఆవిరి ఉంటుంది, కంటికి కనబడదు. చల్లని రేకుకు తగిలితే దాని వేడి పోయి, నీళ్లుగా మారుతుంది. కండెన్సేషన్ అంటే ఇదే. నువ్వు చేసేదీ ఇదే పెద్దమ్మా!"

నిజమే. చలికాలంలో ఓబుళమ్మ శనగచేను మీద పాత పంచె పరిచి, పొద్దున్నే పిండేది. ఆకుల పులుపు దిగిన ఆ మంచునీళ్లు కడుపునొప్పికి మందు. టవర్ ఎక్కడ కట్టాలో తేలక డాక్టరు తలపట్టుకుంటే, ఆ గుడ్డతోనే ఊరి పొలాలన్నీ తిరిగి, బాగా తడిసిన చోటు చూపించింది. అది ఆమె చేనుగట్టే. ఊరికి మేలు చేశానని ఎంత మురిసిపోయిందో పిచ్చితల్లి!

బిందెలు నిండాయి. ఊరు టవర్‌కు దణ్ణం పెట్టింది.

నల్లరేగడిలో శనగ విత్తాక వానక్కర్లేదు. నేలలో తడిపదును, పైన మంచు ఉంటే చాలు. టవర్ మొదలైన ఇరవయ్యో రోజుకు, పూత మీదున్న చేను వాడిపోయింది. గుడ్డ పిండితే చుక్క రాలలేదు. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి ఆ రెండెకరాలే.

"మంచు యాడికి పాయె సారూ?"

డాక్టరు తల దించుకున్నాడు. "టవర్‌లోకి. ఆవిరంతా ఇక్కడే నీళ్లయిపోతోంది. నీ చేనుకు పొడిగాలే మిగులుతోంది. వేరేచోట కడదామంటే ఇంత తేమ ఎక్కడా లేదు. నెల రోజులు ఆపితే కాయ పట్టొచ్చు. స్థలం నీది పెద్దమ్మా, ఆపమంటే ఆపేస్తాను."

ఓబుళమ్మ వెనక్కి చూసింది. బిందెల వరుస. అందులో చంకన పసిబిడ్డతో తన కోడలు. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. పాడు గుడ్డ ఆ రోజెందుకు తడిసిందా అని ఏడుపొచ్చింది ఆమెకు.

"టవర్ నడవనీ సారూ," అంది.

పొడిగుడ్డను చుట్టకుదురుగా చుట్టి నెత్తిన పెట్టుకుంది. ఖాళీ బిందె తీసుకుని వరుస చివర నిలబడింది.