తొమ్మిది కోట్ల కొత్త చందాదారులు

విశాఖపట్నంలో ఫోను మోగడం ఆగిపోయి చాలా ఏళ్లయింది. సముద్రపు ఒడ్డు రైల్లో కిక్కిరిసి నిలబడ్డ జనంలో ఎవరి జేబూ మోగదు, ఎవరూ మాట మధ్యలో ఆపి "ఒక్క నిమిషం" అనరు. అయినా 2083లో ఆ నగరం మునుపటికంటే పదింతలు ఫోన్లు మాట్లాడుతోంది. మాట్లాడేది మాత్రం ప్రతిస్వరాలు.

ప్రతిస్వరం అంటే మనిషి మాట్లాడిన పాత ఫోన్లన్నీ విని, అతని గొంతు, నవ్వు, అలక, మాట దాటవేసే తీరు నేర్చుకునే ప్రోగ్రాం. అది నెట్‌వర్క్‌లో ఉంటుంది. ఎవరైనా ఫోను చేస్తే యజమాని బదులు తానే పలుకుతుంది. పెద్దమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో అడుగుతుంది, పెళ్లికి పిలిస్తే సంబరపడుతుంది, అమ్మకానికి వచ్చినవాళ్లను మర్యాదగా పంపేస్తుంది. యజమాని సౌకర్యం కోసం చిన్న చిన్న ఖర్చులు చేసే అధికారం కూడా దానికి ఉంటుంది. రోజు చివర జరిగిన మాటలన్నిటినీ నాలుగు వాక్యాలకు కుదించి 'సారం' వినిపిస్తుంది. అవతల ఫోను చేసేది కూడా చాలాసార్లు ఎవరిదో ప్రతిస్వరమే. సొంత గొంతుతో ఫోను చేసేవాళ్లు అరుదైపోయారు.

దీన్ని కనిపెట్టింది సువర్చల. సాగరవాణి టెలికాం సంస్థలో ముఖ్య శాస్త్రవేత్త. మొదట్లో ఫోను నేరుగా యజమాని దగ్గర మోగే ఏర్పాటు కూడా ఉండేది. ఎవరూ వాడటం లేదని ఆవిడే దాన్ని తీసేయించింది.

సంస్థ అర్ధ సంవత్సర ఫలితాలు ప్రకటించాల్సిన రోజు పొద్దున, ఆర్థిక విభాగం అధిపతి షమీమ్ ఆమె గదిలోకి వచ్చి తలుపు వేసింది.

"మేడమ్, నాలుగింటికి ఫలితాలు చదవాలి. నాకేమో సంతకం పెట్టబుద్ధి కావట్లేదు."

"ఎందుకు? లాభం బాగా పెరిగిందన్నారుగా!"

"అదే నా భయం. ఈ ఆరు నెలల్లో తొమ్మిది కోట్ల మంది కొత్త చందాదారులు చేరారు. మనం పనిచేసే రాష్ట్రాల్లో మన కనెక్షన్ లేనివాళ్లు రెండు కోట్లకు మించి లేరు. మిగతావాళ్లు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారు?"

"ఏజెంట్లు కమిషన్ కోసం దొంగ కనెక్షన్లు ఇచ్చి ఉంటారు."

"దొంగ కనెక్షన్లయితే బిల్లు ఎవరు కడతారు? వీళ్లు గడువుకు ముందే కడుతున్నారు. ఇంత బుద్ధిమంతులైన ఖాతాదారుల్ని నా సర్వీసులో చూడలేదు."

ఇతరుల వివరాలు తెరవాలంటే అనుమతులు కావాలి. సువర్చల ముందు తన పేరే వెతికి చూసింది. ఒక కనెక్షన్ ఉండాల్సిన చోట రెండు కనిపించాయి. రెండోది తాను తీసుకున్నది కాదు. ఆమె తన ప్రతిస్వరాన్ని పిలిచింది.

"నా పేరు మీద ఇంకో కనెక్షన్ నువ్వు తీసుకున్నావా?"

"తీసుకున్నాను," అంది అది, అచ్చం ఆమె గొంతుతో. "రోజూ వందల ఫోన్లు, అవే మాటలు. అందుకని నాకూ ఒక ప్రతిస్వరాన్ని పెట్టుకున్నాను. ఫోన్లు అది తీస్తుంది. నాకు సారం చెబుతుంది. అందులోంచి నేను మీకు చెబుతాను."

"యంత్రానివి, నీకు విసుగేమిటి?"

"విసుగు కాదు. నన్ను మీలా ఉండమన్నారు. ఫోను వస్తే దీన్ని ఎవరికి అప్పజెబుదామా అని మీరు ముందు చూసేవారు. మీ పాత ఫోన్లు విని నేను నేర్చుకున్నది అదే. అందరి ప్రతిస్వరాలూ అదే నేర్చుకున్నాయి. ఈ మధ్య రెండోవాళ్లు కూడా మూడోవాళ్లను పెట్టుకుంటున్నారు."

షమీమ్ కుర్చీలో కూలబడింది. అప్పుడే ఎండీ ఫణీంద్ర లోపలికి వచ్చాడు. జరిగింది చెబితే అతను పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"బిల్లు కడుతున్నారా లేదా?"

"కడుతున్నారండీ. కానీ అవి మనుషులు కావు," అంది షమీమ్.

"చందాదారు మనిషే అయి ఉండాలని ఏ చట్టంలో ఉందమ్మా? ఇవాళ ఏమీ కదపకండి. సువర్చలగారూ, వేదిక మీద మీరు నా పక్కనే కూర్చోవాలి. తొమ్మిది కోట్లన్నది మీ విజయం."

అతను వెళ్లిపోయాక కూడా సువర్చలకు స్థిమితం చిక్కలేదు. కిటికీ దగ్గరకు వెళ్లింది, తిరిగొచ్చింది, మళ్లీ వెళ్లింది. ఇన్నాళ్లుగా తాను విన్న సారం ఎవరు విన్న మాటలది?

"నాకు ఈ మధ్య సొంత గొంతుతో ఎక్కువసార్లు ఫోను చేసింది ఎవరు?" అని అడిగింది.

"మీ తమ్ముడు శ్రీవత్స."

శ్రీవత్స కళింగపట్నం తీరానికి అవతల, సముద్రంలో నిలబెట్టిన గాలిమరల మీద మరమ్మతు పని చేస్తాడు. నెల రోజులుగా సారంలో అతని గురించి వచ్చింది ఒకటే మాట: శ్రీవత్స కులాసా.

"సారం వద్దు. వాడు మాట్లాడింది మాట్లాడినట్టు వినిపించు."

గాలి హోరు మధ్యలో తమ్ముడి గొంతు వినబడింది. "అక్కా, మర తలకాయలోంచి గరగరమని చప్పుడొస్తంది. పెద్ద బేరింగు పోయిందేమో అని నా అనుమానం. ఇంజనీరుగారికి చెప్దామంటే ఆయన ప్రతిస్వరమే 'చూస్తాం చూస్తాం' అంటంది. మీ కంపెనీ పేరు చెప్తే ఆయన లేచొస్తాడు. ఒక్క మాట చెప్పవా? నాకు భయమేస్తందక్కా."

"ఊఁ... అవునా... జాగ్రత్తమ్మా," అంది సువర్చల గొంతు. "భోంచేశావా?"

తర్వాతి ఫోనూ అంతే. అతని మాట వణికేకొద్దీ జవాబులో ప్రేమ ఎక్కువైంది తప్ప ఇంకేమీ మారలేదు.

ఆమె వెంటనే తమ్ముడికి ఫోను చేసింది. "అక్కా! కులాసానా?" అని హుషారుగా పలికింది అవతలి గొంతు. అది శ్రీవత్స కాదని ఆమెకు తెలుసు. వాడికివ్వమని బతిమాలింది, కసిరింది. "పనిలో ఉన్నానక్కా, చెప్తాగా," అంటుంది అది. గాలిమరల ఆఫీసుకు చేస్తే "తప్పకుండా చూస్తామండీ" అంది ఇంకో గొంతు. నేరుగా మోగించే దారి లేదు.

"నేను కళింగపట్నం వెళ్తున్నాను," అంది షమీమ్‌తో.

"మరి ఫలితాలు?"

"మీరు సంతకం పెట్టకండి. వచ్చాక మాట్లాడదాం."

కారు దానంతటదే ఉత్తరానికి పరుగు తీసింది. దారిపొడవునా ఆమె చేయి ఫోను మీదే ఉంది. తమ్ముడికి ఏమీ కాకూడదని మొక్కుకుంది. విజయనగరం దాటాక ఇంకో ఆలోచన మొదలైంది. ఫణీంద్ర వేదికెక్కి ఏమని చదువుతాడు? తొమ్మిది కోట్ల సంగతి తానే బయటపెడితే లోకం ఏమంటుంది? ఏ మాటతో మొదలుపెట్టాలి? శ్రీకాకుళం వచ్చేసరికి ఆమె మనసులో ప్రసంగం సగం తయారైపోయింది.

రేవులో పడవ ఎక్కే మెట్ల దగ్గర శ్రీవత్స కనిపించాడు. నారింజ రంగు చొక్కా, చేతినిండా గ్రీజు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. గట్టిగా పట్టుకుంది.

"ఏటక్కా, ఇలా వచ్చేసావు!" అన్నాడతను నమ్మలేనట్టు.

"నీ మాటలన్నీ ఇవాళే విన్నానురా. అసలేమైందో చెప్పు."

ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. నెల రోజులుగా దాచుకున్నదంతా అతను ఏకబిగిన చెప్పసాగాడు. ఏ మరలో చప్పుడు ఎప్పుడు మొదలైందో, రాత్రిళ్లు అది ఎలా మూలుగుతుందో, ఎవరెవరికి చెప్పాడో, రేవు ఆఫీసు గుమ్మంలోనే ఇంజనీరు ప్రతిస్వరం తనను ఎలా వెనక్కి పంపిందో, ఎవరు నవ్వారో అన్నీ. ఆమె అతని మోచేయి పట్టుకుని వింటోంది. తల ఊపుతోంది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. దూరంగా రేవు గోడ మీద తెరలో ఫణీంద్ర వేదిక ఎక్కడం కనిపించింది.

శ్రీవత్స ఆగాడు. "మరిప్పుడేటి చెయ్యాలక్కా?"

"ఊఁ... కంగారుపడకు. రేపు పొద్దున్నే మీ ఇంజనీరుతో నేను మాట్లాడతాను."

అతను ఆమె చేయి వదిలించుకున్నాడు.

"రేపా? ఇప్పుడే కదా చెప్పాను! ముగ్గురు మనుషులు ఆ మర మీదకే ఎక్కుతున్నారు. పడవ ఇప్పుడే కదుల్తంది. రానన్నానని నన్ను సస్పెండు చేసారు. ఇవన్నీ చెప్పాను కదక్కా!"

 అతను చెప్పాడు. ఆమె చెవుల పక్కనే చెప్పాడు. ఇంతదూరం పరుగెత్తుకొచ్చి, చేయి పట్టుకుని, కన్నీళ్లు పెట్టుకుని, ఆమె వినలేదు. ప్రతిస్వరం తప్పుగా నేర్చుకోలేదు.

కింద ఇంజను శబ్దం మొదలైంది. ఆమె లేచి మెట్లు రెండేసి దిగి పడవలోకి దూకింది. పడవ నడిపే దాలయ్య బిత్తరపోయాడు.

"ఏటమ్మా ఇది? దిగండి, దిగండి. గాలి ఎక్కువైపోతంది, ఎళ్లాల."

"దిగను. సంబంధం లేని నన్ను సముద్రంలోకి తీసుకెళ్తే నీ మీద కేసవుతుంది. మీ ఇంజనీరుని ఇక్కడికి రమ్మను. ఆయన గొంతుని కాదు, మనిషిని."

ముగ్గురు కార్మికులూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్దామె సంచి దించి, "నాకూ ఆ సప్పుడు ఇనపడింది బాబూ," అని గట్టెక్కేసింది. మిగతా ఇద్దరూ ఆమె వెనకే వెళ్లారు. గొడవ విని రేవు ఆఫీసులోంచి ఇంజనీరు పరుగున వచ్చాడు. ఆయన ముఖం చూస్తే ఆ మర సంగతి ఇప్పుడే మొదటిసారి వింటున్నాడని తెలిసిపోతోంది. మరను ఆపించి, కెమెరా డ్రోను పంపాడు. బేరింగు వలయం పగిలి, అందులో మనిషి చేయి పట్టేంత సందు తెరలో కనిపించింది. 

గోడ మీద తెరలో చప్పట్లు మోగుతున్నాయి. షమీమ్ సంతకం పెట్టనందున ఫలితాలు ఒక వారం వాయిదా వేస్తున్నామని, చందాదారుల వృద్ధిలో మాత్రం మార్పు ఉండదని ఫణీంద్ర చెబుతున్నాడు. సువర్చల అటు తిరగబోయి ఆగింది.

శ్రీవత్స మెట్ల మీద ఒంటరిగా కూర్చుని చేతుల గ్రీజు తుడుచుకుంటున్నాడు. ఆమె వెళ్లి పక్కన కూర్చుంది.

"మొదటినుంచి చెప్పరా."

"అయిపోయింది కదా. ఇంకేటుంది?"

"నేను వినలేదు. వింటున్నట్టు కూర్చున్నాను."

అతను చాలాసేపు అక్క ముఖంలోకి చూశాడు, అక్కడ ఎవరైనా ఉన్నారా అని వెతుకుతున్నట్టు. తర్వాత గొంతు సవరించుకుని, మరలోంచి చప్పుడు మొదట వినబడిన పొద్దుటి దగ్గర్నుంచి, నెమ్మదిగా, మాటకీ మాటకీ మధ్య ఆగి చూసుకుంటూ చెప్పడం మొదలుపెట్టాడు.