బొత్తాం పేరున్న కప్పు

పెళ్లయి ఇంకా నలభై రోజులు నిండలేదు. ఆ ఇంట్లో ప్రతి చిన్న వస్తువూ కోడలికి ముద్దొస్తూనే ఉంది. వంటగది కిటికీలోంచి గిన్నెల మీద పడే ఎండ, తీగ మీద భర్త చొక్కా పక్కన తన బట్టలు ఆరడం, పక్కగదిలో ఆగకుండా నడిచే అత్తగారి కుట్టుమిషన్ చప్పుడు, అన్నీ తనకోసమే అమర్చినట్టున్నాయి. ఆ ఉదయం ఆమె గూటిలో పై అర ఖాళీ చేసి, తడిగుడ్డతో తుడిచి, రెండు కప్పులు పట్టేంత చోటు చూసుకుని మురిసిపోయింది.

కప్పులు ఇవాళే రావాలి. మొన్న ఫోన్ చేసిన అమ్మాయి ఎంత తియ్యగా మాట్లాడిందో. కొత్త జంటలకు కానుకట. ముద్దుపేర్లు ముద్రించి పంపుతారట. ఏమీ కట్టనక్కర్లేదట. భర్తని చిన్నప్పటినుంచీ ఇంట్లో బొత్తాం అని పిలుస్తారు కాబట్టి ఒక కప్పు మీద అదే రాయమంది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. టీ పోసి ఎదురుగా పెట్టినప్పుడు వాళ్ల మొహాలు చూడాలని ఆమె సరదా.

అత్తగారిని వీధంతా టేపమ్మ అంటుంది. నిద్రలో తప్ప మెడలో కొలతల టేపు ఉండాల్సిందే. భర్త పోయాక బడిపిల్లల యూనిఫారాలు కుట్టి కొడుకుని పెంచింది. పద్దెనిమిదేళ్లు ఆ ఇరుకు గదిలో వంగి కూర్చుని దాచుకున్న డబ్బుతో ఇప్పుడు వీధి మొదట్లో చిన్న షాపు అద్దెకు తీసుకోబోతోంది. ఎల్లుండే అడ్వాన్సు ఇవ్వాలి. బోర్డుకి ఏ రంగు వేయించాలా అని అత్తాకోడళ్లు వారం రోజులుగా వాదించుకుంటున్నారు.

పదిన్నరకి మిషన్ ఆగింది.

దారం తెగిందేమో అనుకుంది కోడలు. పది నిమిషాలైనా చప్పుడు లేదు. టీ గ్లాసు పట్టుకుని వెళ్లి తలుపు తోస్తే లోపల గడియ పెట్టి ఉంది. ఆ గది తలుపు మూసి ఉండగా ఆమె ఇంతవరకూ చూడలేదు. లోపలినుంచి మగగొంతు వినిపించింది. పోలీసు అధికారిలా కరుకుగా, తొందరలేకుండా మాట్లాడుతోంది.

"బొత్తాం అనే కదమ్మా మీరు పిలిచేది? మా ముందే కూర్చుని ఏడుస్తున్నాడు. వాడి బండి కింద పడిన పిల్లాడు బతుకుతాడో లేదో చెప్పలేం. మీరు ఫోన్ పెట్టేసినా, ఎవరికైనా చెప్పినా, నేరుగా జైలుకే."

ఆ వెనకే ఎవరో వెక్కివెక్కి ఏడుస్తూ "అమ్మా, అమ్మా" అన్నారు.

కోడలి చేతిలో గ్లాసు వంగి వేడి టీ పాదాల మీద ఒలికింది. మంట కూడా తెలియలేదు. తన ఫోన్‌లో భర్త నంబరు నొక్కింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ నొక్కింది. అంతే. సీసాల ఫ్యాక్టరీలో డ్యూటీ ఎక్కేముందు అందరూ ఫోన్లు లాకర్లో పెట్టాలి, మధ్యాహ్నం ఒంటిగంటదాకా తీయకూడదు. అది గుర్తొచ్చినా మూడోసారి నొక్కింది. లాకర్లో మోగుతోందా, రోడ్డు మీద పడి మోగుతోందా, ఎవరికి తెలుసు?

గడియ తీసిన చప్పుడైంది. అత్తగారు చెప్పులు వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని, ఫోన్ గుండెకి అదుముకుని నిలబడింది. కోడలు నోరు తెరవబోతే వేలు పెదవుల మీద పెట్టి ఆపింది. బల్ల మీద కత్తిరించడానికి పరిచిన ముదురు నీలం గుడ్డ మీద సుద్దముక్కతో గబగబా రాసింది.

వాణ్ణి పట్టుకున్నారు. మాట్లాడకు. వింటున్నారు. కొంచెం పంపాను. మిగతాది బ్యాంకుకెళ్లి పంపాలి.

కోడలు అది చదివింది. ఆలోచన అన్నదే లేకుండా చేతి బంగారు గాజులు లాగి, అత్తగారి సంచీలో పడేసింది. అవీ తీసుకెళ్లండి, ఆయన్ని తీసుకురండి అని కళ్లతోనే చెప్పింది. అత్తగారు ఆమె చెంప ఒక్కసారి తాకి వీధితలుపు వైపు నడిచింది.

ఫోన్‌లో గొంతు మళ్లీ వచ్చింది. "త్వరగా నడవమ్మా. మేనేజర్ ఉద్యోగం చేస్తున్నవాడు. రేపు పేపర్లో ఫొటో పడితే ఆ ఉద్యోగం ఉంటుందా?"

మేనేజర్.

కోడలు చటుక్కున తలెత్తింది. ఆమె భర్త మేనేజర్ కాడు. సీసాలు కదిలే లైను పక్కన నిలబడి, పగిలినవి ఏరి పక్కన పెట్టే పనివాళ్లని చూసుకుంటాడు. లోకంలో ఆయన్ని మేనేజర్ అన్న మనిషి ఒక్కరే. మొన్న ఆ తియ్యటి గొంతు అమ్మాయి "మీవారు ఏం చేస్తారండీ" అని అడిగితే, ఉన్నది చెప్పడానికి నామోషీ అనిపించి, "మేనేజరండీ" అనేసింది తనే. ఒంటిగంటదాకా ఫోన్ తీయరని చెప్పిందీ తనే. తను ఇంట్లో లేకపోతే కప్పులు ఎవరు తీసుకుంటారంటే అత్తగారి నంబరిచ్చిందీ తనే.

ఆమె పరుగున వెళ్లి వీధితలుపుకి వీపు ఆనించి నిలబడింది. అత్తగారు పక్కకి తప్పుకోమని చేత్తో సైగ చేసింది. కోడలు కదల్లేదు. అత్తగారి కళ్లల్లోకి అంతకుముందెన్నడూ లేని కోపం వచ్చింది. భుజం పట్టుకుని బలంగా లాగింది. కోడలు ఆ చేతినే పట్టుకుని, బతిమాలుతూ, దాదాపు ఈడ్చుకుంటూ మళ్లీ బల్ల దగ్గరికి తెచ్చింది. సుద్దముక్క తీసుకుంది. చెయ్యి వణికి అక్షరాలు వంకర్లు పోయాయి.

ఇది మోసం. మేనేజర్ అని అబద్ధం చెప్పింది నేను. బొత్తాం అనీ నేనే చెప్పాను. కప్పుల కోసం.

అత్తగారు చదివింది. మళ్లీ చదివింది. సుద్దముక్క లాక్కుని కింద రాసింది.

నిజంగా దెబ్బ తగిలి ఉంటే?

ఐదు నిమిషాలు ఆగండి అని రాసి కోడలు వంటగదిలోకి పరిగెత్తింది. ఫ్యాక్టరీ గేటు నంబరు భర్త పెళ్లైన వారంలోనే క్యాలెండర్ మూల మీద రాసి పెట్టాడు. దీనితో నాకేం పనండీ అని ఆమె అప్పుడు నవ్వింది. ఇప్పుడు గేటు మనిషి గొంతు దేవుడి గొంతులా వినిపించింది. లోపలికి వెళ్లి చూసొస్తా, లైనులో ఉండమ్మా అన్నాడతను. తర్వాత గొళ్లెం చప్పుడు, దూరంగా యంత్రాల రొద, ఇంకేమీ లేదు.

కుట్టుగదిలో గొంతు పెరిగింది. ఎందుకు నిలబడ్డావని అరుస్తున్నాడు. అత్తగారు మెడలో టేపుని రెండు చేతులా పట్టుకుంది.

"అయ్యా, వెళ్తున్నాను. ఒక్క మాట వాణ్ణి అడగండి. చిన్నప్పుడు వాడు ఏం మింగితే ఆస్పత్రికి పరిగెత్తానో చెప్పమనండి."

జవాబుకి బదులు ఏడుపు మళ్లీ వినిపించింది, అచ్చం ఇందాకటి ఏడుపే, అన్నే వెక్కిళ్లు. ఆ పైన అధికారి గొంతు విరుచుకుపడింది. చట్టంతో ఆటలా, ఇప్పుడే నీ ఇంటికి మనుషులు వస్తారు అంది. అత్తగారు కుర్చీలో కూలబడింది. బ్యాంకుకి మాత్రం బయల్దేరలేదు.

సరిగ్గా అప్పుడే కోడలు పరిగెత్తుకొచ్చి తన ఫోన్ ఆవిడ చెవికి ఆనించింది.

"అమ్మా, ఏమైంది? ఇప్పటిదాకా లైను దగ్గరే ఉన్నాను, గేటు ఫోన్‌లో మాట్లాడుతున్నాను, నాకేం కాలేదు."

"ఏం మింగావురా," అంది ఆవిడ.

"బొత్తామేగా? నువ్వే కదమ్మా ఆ పేరు పెట్టావు. ఏడుస్తున్నావెందుకు?"

ఆవిడ తన ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేసి, కొడుకు గొంతున్న ఫోన్‌ని రెండు చేతులా చెంపకి నొక్కుకుంది. కోడలు ఆ బోర్లా పెట్టిన ఫోన్ తీసి కట్ చేసింది. వెంటనే మళ్లీ మోగింది. వేరే నంబరు. మళ్లీ ఇంకో నంబరు. ఇంటికి వస్తున్నామన్న మెసేజ్ ఒకటి. కోడలు వీధితలుపు గడియ వేసి, కిటికీలు కూడా మూసింది. అత్తగారి బ్యాంకు పాస్‌బుక్ వెనక అచ్చేసిన నంబరుకే ఫోన్ చేసి ఖాతా ఆపించింది. పోలీసు స్టేషన్‌కి కూడా ఫోన్ చేసి ఫిర్యాదు చేసింది. పోలీసులెవరూ ఫోన్‌లో అరెస్టు చెయ్యరు, ఫోన్‌లో డబ్బు అడగరు అన్నారు వాళ్లు. షాపు డబ్బు మిగిలింది. ముందు పంపింది తిరిగి వస్తుందో రాదో చెప్పలేమన్నారు.

అప్పుడు కోడలు నేల మీద కూర్చుని అత్తగారి మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది. నా వల్లే, రెండు కప్పులకి ఆశపడి ఇల్లంతా ఎవరికో అప్పజెప్పాను అంది.

ఆవిడ బల్ల మీది గుడ్డనే చూస్తూ ఉండిపోయింది.

"కోపంగానే ఉందమ్మాయ్," అంది చివరికి. "కానీ ఆ గుడ్డ మీద రాసేప్పుడు నీ చెయ్యి చూశాను. అది రాయకుండా ఊరుకుంటే నీ తప్పు నాకెప్పటికీ తెలిసేదే కాదు. కానీ ఈపాటికి బ్యాంకులో డబ్బంతా పంపేసి ఉండేదాన్ని." సంచీలోంచి గాజులు తీసి కోడలి చేతికి ఒక్కొక్కటే ఎక్కించింది. "నేనూ తక్కువదాన్నేం కాదులే. నా కోడలు కాలర్ కుట్టిందంటే ముడత పడదని వీధంతా కోతలు కోసుకొచ్చాను."

"నాకు సూదిలో దారమే ఎక్కదత్తయ్యా."

"నాకు తెలీదా?"

కొడుకు ఫ్యాక్టరీ టోపీ కూడా తీయకుండా వచ్చాడు. తలుపు తట్టితే ఇద్దరూ బిగుసుకుపోయారు. పేరు చెప్పినా, గొంతు గుర్తుపట్టినా, కిటికీ సందులోంచి చూసుకున్నాకే గడియ తీశారు. నీలం గుడ్డ మీది రాత చదివి, అమ్మ కోతల సంగతీ విని అతను భార్య వైపు చూశాడు.

"మేనేజర్నా నేను? ఈ ఇంట్లో నిజం చెప్పేది నేనొక్కడినేనన్నమాట."

తలదించుకున్న కోడలికి అతని గొంతులో నవ్వు వినిపించింది.

సాయంత్రం ముగ్గురూ పాత కప్పుల్లోనే టీ తాగారు. ఒకదానికి అంచు ఊడింది, ఇంకోదానికి చెవి లేదు. అత్తగారు వాటిని కడిగి, కోడలు పొద్దున తుడిచి ఉంచిన పై అరలో మూడింటినీ పక్కపక్కన పెట్టింది.

అత్తగారి ఫోన్ మళ్లీ మోగింది. తెలియని నంబరు. ఆవిడ చెయ్యి అలవాటుగా ముందుకి వెళ్లి మధ్యలో ఆగిపోయింది. కోడలు ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. మోత ఆగేదాకా ఎవరూ కదల్లేదు.