విత్తనాల కుప్పకు ఎడంగా

తెల్లారేసరికి కాటమ్మ పంచలో వేరుశనగ మూట విప్పి కుప్ప పోసింది. ఆ ఏడు, పంతొమ్మిది వందల తొంభై ఆరులో కూడా, వాన పడుతుందో లేదో పైవాడికే తెలియదు, విత్తనాలు మాత్రం ఒలవాల్సిందే. కూతురు ఓబక్క అరసికెరెలోని అత్తగారింటి నుంచి ఆ పనికే వచ్చింది. కొడుకు గంగాధరప్ప కుప్పకు ఎడంగా, గోడకు ఆనుకుని, వాచిన కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. అతని రెండు కిడ్నీలూ చెడిపోయి ఏడాది కావస్తోంది.

“ఒక కడుపున పుట్టినారు. అయినా దీని కిడ్నీ వానికి సరిపోకపాయె,” అని రోజూ పాడే పాటే పాడి, కాటమ్మ బిందె తీసుకుని బోరింగు దగ్గరికి పోయింది.

ఓబక్క ప్రాణం చివుక్కుమంది. తమ్ముడికి ఇస్తానని మొగుడితో పోట్లాడి మరీ బెంగళూరు పోయిందామె. పరీక్షలయ్యాక డాక్టరుతో మాట్లాడి వచ్చిన గంగాధరప్ప, “నీది సరిపోలేదంటక్కా” అన్నాడు. ఆనాటి నుంచి పక్కన కూర్చోడు, ఆమె ఒలిచిన గింజ ముట్టడు. ఎంత కోపమైతే మాత్రం!

“ఏమప్పా, నా కిడ్నీ పనికిరాకపోతే నేనూ పనికిరానా? రా, ఈడ కూర్చో,” అని చెయ్యి పట్టి లాగి, దోసెడు కాయలు అతని ఒళ్ళో పోసింది.

రెండు కాయలు ఒలిచాడో లేదో, పగిలిన బొటనవేలి నుంచి రక్తం చుక్క గింజ మీద పడింది. గంగాధరప్ప ఆ గింజను లటుక్కున పిడికిట్లో దాచేశాడు.

“ముట్టొద్దక్కా! నా నెత్తురు మంచిది కాదు.”

“ఏందిరా ఆ మాట?”

అతను బోరింగు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“నా నెత్తురులో ఎయిడ్స్ క్రిములు ఉండాయంట. ఆ రోగం ఉండేవాళ్ళకి యాడా కిడ్నీ పెట్టరంట. ఎట్లాగూ బతకనోనికి మంచి కిడ్నీ ఎందుకు పాడు చేయాల అన్నారు. తాకితే అంటుకోదని డాక్టరు చెప్పినాడు. అయినా విత్తనం కదక్కా, భయం. ఊర్లో తెలిస్తే మనింట్లో నీళ్ళు గూడా తాగరు.”

ఎట్లా వచ్చిందని ఓబక్క అడగలేదు.

“మరి నాది?”

“నీది బాగా సరిపోయిందక్కా. రోగం పేరు చెప్పలేక నీ మీద వేసినాను.”

ఓబక్కకు ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఆ హాయికే సిగ్గుపడి, తమ్ముడి తల ఒళ్ళోకి లాక్కుని వెక్కివెక్కి ఏడ్చింది. ఇవ్వడానికి తన దగ్గర ఉంది, తీసుకోవడానికి వాడికి దారి లేదు.

తరువాత కొంగు చింపి వాడి వేలికి కట్టి, కుప్ప పక్కనే కూర్చోబెట్టుకుంది. బిందెతో తిరిగొచ్చిన కాటమ్మ ఇద్దరినీ చూసి, “ఇంత ప్రేమ ఉండీ ఏం లాభం, సరిపోకపాయె” అని మళ్ళీ మొదలుపెట్టింది.

గంగాధరప్ప తల వంచుకున్నాడు.

“అవునమ్మా, నాది సరిపోలేదు,” అంది ఓబక్క. “ఆ చాట ఇట్లియ్యి.”