తేనె ఓడని గారె

ఏ రాజ్యంలోనైనా కరువొస్తే జనం ఆకలితో మాడతారు. కుంకుమనగరంలో మాత్రం గాదెలు నిండి ఉండగానే మాడారు. చిత్రంగా లేదూ? వినండి మరి.

ఆ నగరానికి వర్ణకేతుడనే మాంత్రికుడు వచ్చి, కోట ముందు గారెల అంగడి పెట్టాడు. అంగడిపైన పెద్ద తెర కట్టి, దానిమీద గారె బొమ్మ వేశాడు. అబ్బ, ఏం గారె అది! బండిచక్రమంత ఉండి, ఎర్రగా వేగి, తేనె ఓడుతున్నట్టు ఉండేది. చూసినవాడి చూపు దాని మీంచి మరలేది కాదు. విస్తట్లో పడేదేమో చింతగింజంత మాడు ముక్క! అది మింగి, మళ్ళీ బొమ్మ చూసి, "ఈసారి పెద్దది వస్తుందిలే" అంటూ జనం మళ్ళీ వరుసలో నిలబడేవారు. ఇళ్ళలో పొయ్యిలు ఆరిపోయాయి. రాజుగారే కిరీటం చంకన పెట్టుకుని నిలబడ్డారంటే ఇక చెప్పేదేముంది!

ఆ ఊళ్ళో పూటకూళ్ళ నాంచారమ్మ కూతురు చెంగల్వ. కళ్ళకలక వచ్చి వారం రోజులు కళ్ళకు గుడ్డ కట్టుకోవడంతో ఆ పిల్ల బొమ్మను చూడలేదు. గుడ్డ విప్పేసరికి తల్లి ఇంట్లో లేదు. వెతుక్కుంటూ పోతే వీధి మలుపులో, వరుస చివర కనబడింది.

"అమ్మా, ఇంటికి రా! గంజి కాస్తాను."

"ఉండవే, నా వంతు వచ్చేస్తోంది," అంది నాంచారమ్మ, కూతురి ముఖమైనా చూడకుండా.

చెయ్యి పట్టి లాగితే గాజులు జారి చెంగల్వ చేతిలోకి వచ్చాయి. ఇంకో నాలుగు రోజులు ఇలాగే సాగితే అమ్మ దక్కదు!

ఇక ఒక్క క్షణం నిలవలేకపోయింది. పెరుగన్నం మూటకట్టుకుని, మాయల గుట్టు తెలిసిన ముని కోసం అడవిలోకి పరుగు తీసింది. ముళ్ళూ వాగులూ దాటి రెండో రోజుకు ఆయన కొండ ఎక్కింది.

"బొమ్మ చించితే ఇంకోటి కడతాడు తల్లీ," అన్నాడు ముని. "దానికి మూలమైన గారె, వాడు కాపలా పెట్టిన రాక్షసి గుహలో ఉంది. అది తెచ్చి, తొలి ముద్ద వాడిచేతే తినిపించు. మీ ఊరి ఆచారం మీరే మరిచారే!"

చెంగల్వ నాలుక కరుచుకుంది. కుంకుమనగరంలో వండినవాళ్ళు నలుగురి ఎదుటా తొలి ముద్ద తిన్నాకే వడ్డించాలి. ఆమె తల్లి ఏనాడూ తప్పలేదు. బొమ్మ చూసిన తొందరలో వర్ణకేతుణ్ణి మాత్రం ఎవరూ అడగలేదు.

గుహ దారిలో మాయ పళ్ళతోట అడ్డొచ్చింది. చెంగల్వ మళ్ళీ కళ్ళకు గుడ్డ బిగించింది. వాసనే లేని పండుకు నోరెందుకు ఊరుతుంది? తడుముకుంటూ తోట దాటేసింది.

గుహ ముందు రాక్షసి బుగ్గ పట్టుకుని మూలుగుతోంది.

"ఎవతివే? నమిలేస్తాను!"

"ఏ పంటితో నములుతావు అవ్వా? బుగ్గ అంత వాచిపోతే!"

రాక్షసి భోరుమంది. "ఆ దిక్కుమాలిన గారె కొరికానే! మట్టిముద్దకు లక్క పూసి, తేనె అని ఆముదం పోశాడు. కాపలా పెట్టి తిండైనా పెట్టలేదు, చచ్చినోడు!"

చెంగల్వకూ ఆకలిగానే ఉంది. అయినా తన పెరుగన్నం ఇచ్చేసింది. రాక్షసి చప్పరిస్తూ తిని, కళ్ళు తుడుచుకుంది. గారెను ఒక భుజాన, పిల్లను ఇంకో భుజాన వేసుకుని, నాలుగో రోజు పొద్దుటికి కోట ముందు దిగింది.

చెంగల్వ తెరకు వీపు పెట్టి నిలబడింది.

"వర్ణకేతూ! బొమ్మలో చూపించిన గారె ఇదిగో. తొలి ముద్ద వండినవాడిది. తిను!"

"నాకు... నాకివాళ ఉపవాసం," అని నీళ్ళు నమిలాడు మాంత్రికుడు.

"తింటావా, నేను తినిపించనా?" అంది రాక్షసి.

గత్యంతరం లేక కొరికాడు. రెండు పళ్ళు ఊడి కిందపడ్డాయి. ఆ వెంటనే తెరమీది రంగులు కారిపోయి, ఉత్త గుడ్డ మిగిలింది. వర్ణకేతుడు నోరు మూసుకుని అడవుల్లోకి పారిపోయాడు. జనం ఒకరి డొక్కలు ఒకరు చూసుకుని ఘొల్లుమన్నారు.

"అర్ధరాజ్యం ఇస్తానమ్మా!" అన్నారు రాజుగారు.

"అది తరవాత చూద్దాం మహారాజా. ముందు ఇంటికెళ్ళి అన్నం తినండి."

అర్ధరాజ్యం మాట రాజుగారు నిలబెట్టుకున్నారు లెండి. కానీ ఆ రోజు చెంగల్వ వెళ్ళింది తన వంటింటికే. నాంచారమ్మ పొయ్యి రాజేసి, అన్నం వార్చి, పప్పు కలిపి, మొదటి ముద్ద కూతురి నోటికి అందించబోయింది.

"ఊహూఁ. వండింది నువ్వు. నువ్వే తినాలి."

తల్లి తింది. ఆ ముద్ద గొంతు దిగడం చూశాకే చెంగల్వ తన విస్తరి ముందు కూర్చుంది.