మోకాలి వాంగ్మూలం

ఆ ఉదయం ఆకాశం కడిగీ కడగని గిన్నెలా జిడ్డుగా ఉంది. వాన పడదు, ఎండ రాదు. గూఢచారి శాఖ చీఫ్ గదిలోనూ అదే వాలకం.

"ఏమోయ్ మొద్దూ, పదింటికి విదేశీ ముఠా ఆసుపత్రి నుంచి లైవ్ ఇస్తోంది," అన్నాడు చీఫ్ పుల్లతో పళ్లు కుట్టుకుంటూ. "టీకా వేసుకున్నవాడు నరాలు చచ్చి మంచాన పడ్డాడట. అలాంటివాళ్లు వేలల్లో ఉన్నారట. వట్టి నాటకం. జనం నమ్మితే టీకా మానేస్తారు, జ్వరం ఊళ్లకు ఊళ్లు ఊడ్చేస్తుంది. ఆపు."

మాట తక్కువని ఆఫీసంతా మొద్దు అని పిలిచే ఆ ఏజెంటు తలూపాడు.

చీఫ్ ఒక పెన్ను జరిపాడు. "పది లక్షల మందిలో నలుగురికి మాత్రం నిజంగానే వచ్చింది ఆ జబ్బు. వాళ్ల రిజిస్టరు ఆ వార్డులోనే ఉంది. ఈ మూత తిప్పితే పది సెకన్లలో బూడిద. నలుగురెందుకు? సున్నా అంటే శుభ్రంగా ఉంటుంది."

మొద్దు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ఆ రిజిస్టర్లో మూడో పేరు అతని అక్కది. జబ్బు పాదాల్లో తిమ్మిరిగా మొదలై చేతుల దాకా పాకింది. పేరు పోతే సర్కారు ఇచ్చే మందు ఆగుతుంది. మందు ఆగితే అక్క లేవదు. చీఫ్‌కు ఆ సంగతి తెలియదు. తెలిసినా పళ్లు కుట్టుకోవడం ఆపే మనిషి కాదు.

ఆసుపత్రికి తెల్లకోటులో, అతికించిన మీసంతో వెళ్లాడు. వార్డు తలుపు దగ్గర నర్సు వేషంలో 'లిప్‌స్టిక్' నిలబడి ఉంది. ముఠాలో మనవాళ్లు నాటిన అందగత్తె.

"కాళ్లు తిమ్మిరెక్కాయా డాక్టర్‌గారూ?" కోడ్ అడిగింది.

"ఒక్కటే ఎక్కింది."

తలుపు తెరుచుకుంది. లోపల కెమెరాలు. మంచం మీద బలిసిన నటుడొకడు మూతి వంకర పెట్టి పడున్నాడు. పెదాలకు టూత్‌పేస్టు నురగ. అక్క నురగలు కక్కలేదు. మంచినీళ్ల గ్లాసు ఎత్తలేక గోడవైపు తిరిగి ఏడ్చింది, అంతే. వీడి ముఖాన ఉమ్మేయాలనిపించింది.

కెమెరా మీద ఎర్ర లైటు వెలిగింది. మొద్దు బల్లమీది రిజిస్టరు చంకన పెట్టుకుని, డాక్టర్ల రబ్బరు సుత్తి తీశాడు. నడుముకు చల్లగా పిస్తోలు తగిలింది.

"దించు," లిప్‌స్టిక్ గుసగుసలాడింది. "నేను పార్టీ మార్చాను బాబూ."

"పేల్చు. లైవ్‌లో ఉన్నావు."

ఆమె వేలు ఆగింది. మొద్దు నటుడి మోకాలు పైకెత్తి టక్కున కొట్టాడు. చచ్చుబడ్డ కాలు ఎగిరి మైకును తన్నింది.

"నిజంగా ఈ జబ్బు వస్తే మోకాలు ఉలకదు, పలకదు," అన్నాడు కెమెరాకేసి తిరిగి. "మా అక్క మోకాలి మీద డాక్టరు ఇలాగే కొడుతుంటే పక్కనే ఉన్నాను. పది లక్షల్లో నలుగురు. ఇదిగో రిజిస్టరు. వేలూ కాదు, సున్నా కాదు. నలుగురు."

బుద్ధెరిగాక అతను అంత పొడుగు మాట్లాడటం అదే మొదలు. వార్డు బయట కాపు కాసిన మఫ్టీ పోలీసులు లోపలికొచ్చి లిప్‌స్టిక్‌నీ, నురగ తుడుచుకుంటున్న నటుణ్నీ బయటికి నడిపించారు.

ఫోన్ మోగింది. "పెన్ను పనిచేయలేదా?" చీఫ్ అరిచాడు.

"మూత తిప్పలేదు సార్. దేశమంతా నలుగురని వినేసింది. ఇప్పుడు మారిస్తే మీదీ ముఠాయే అంటారు."

చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

మధ్యాహ్నానికి అక్క ఇంటికి మందు వచ్చింది. బావ వండాడు. ముద్ద కలిపి అక్క నోటికి అందించి, తనూ తిన్నాడు. మొద్దూ పక్కనే కంచం ముందు కూర్చున్నాడు. కూరలో ఉప్పు లేదు. వృత్తిధర్మం కనుక మొద్దు ఆ రహస్యం బయటపెట్టలేదు.