వెల్లిచందైలో మౌంట్ పాయింట్

"డిస్క్ ఎక్కడ మౌంట్ చేయాలో తేల్చలేని దద్దమ్మలు, వీళ్లా దేశాన్ని కాపాడేది!"

ఏజెంట్ విమల్ ఫైలును టేబుల్ మీదికి విసిరాడు. చీఫ్ తల ఎత్తకుండానే చెప్పారు.

"ధర్మపురి జిల్లా, వెల్లిచందై. రిటైర్డ్ సైంటిస్ట్ వెంకటరామప్ప ఇల్లు. ఆయన ఫైల్ సర్వర్‌లో మన సరిహద్దు రాడార్ కోడ్స్ ఉన్నాయి. విదేశీ ముఠా ఒకటి వాటి కోసం దిగింది."

"కాపీలు?"

"రెండే. ఒకటి అక్కడ, ఒకటి మన ఆఫీసులో. బ్యాకప్ ప్రోగ్రామ్ అక్కడ ఏముంటే ఇక్కడ అదే ఉంచుతుంది. అక్కడ లేనిది ఇక్కడా చెరిపేస్తుంది. రెండూ పోతే మన రాడార్లు గుడ్డివి."

"ఇంతకీ డిస్క్ మౌంట్ చేసింది ఎక్కడ?"

"స్లాష్ మీడియా అనే ఫోల్డర్‌లో. కమిటీ నిర్ణయం."

విమల్‌కి ఒళ్లు మండింది. పెన్‌డ్రైవ్‌లూ సీడీలూ వచ్చిపోయే చోటు అది. బస్టాండులో బీరువా పెట్టినట్టుంది. ఆర్నెల్లు బిస్కెట్లు మెక్కి ఆ కమిటీ తేల్చింది ఇదీ!

2007 వేసవి. బ్యాటరీ మెకానిక్ వేషంలో విమల్ వెల్లిచందైలో దిగాడు. డిపార్ట్‌మెంట్ ముందుగా పంపిన కంప్యూటర్ ఎక్స్‌పర్ట్ జయప్రియ వెంకటరామప్ప ఇంటి గుమ్మంలోనే ఎదురైంది. నల్లకళ్లద్దాలు, పట్టుచీర, వీధి చివరిదాకా సెంటు వాసన.

"మామిడి పూత ఎట్లుంది?" అంది.

"తోతాపురి రాలిపోయింది."

కోడ్ వర్డ్ సరిపోయింది. ఆ ఊళ్లో ఏ పళ్లబండివాడైనా ఇదే జవాబు చెప్పగలడు. ఏం తెలివి!

వెంకటరామప్ప విసుక్కున్నాడు. "యాడ పెడితే ఏమప్పా? డిస్క్ డిస్కే గదా!"

"కాదు సార్. మీడియా వచ్చిపోయేవాటికి. ఎమ్‌ఎన్‌టీ కాసేపు తగిలించి తీసేవాటికి. ఇంటిల్లిపాదికీ ఫైళ్లు అందించే డిస్క్ స్లాష్ ఎస్‌ఆర్‌వీలో ఉండాలి. అక్కడ ఖాళీ ఫోల్డర్ ఒకటి చేయండి. డిస్క్‌ను దానిమీద మౌంట్ చేద్దాం, అంటే ఆ ఫోల్డర్ తెరిస్తే డిస్క్‌లోవి కనిపించేలా తగిలిద్దాం."

"బ్రిలియంట్! డిస్క్ తీసినా ఫోల్డర్ అట్లే ఉంటుంది" అంది జయప్రియ, తీయగా నవ్వుతూ.

విమల్ ఉబ్బిపోయాడు, మూర్ఖుడు. వేషం నిలబెట్టుకోవాలి గనక ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు పోయడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి పెద్దాయన ఫోల్డర్ చేసి ఉంచాడు. డిస్క్ మౌంట్ అయింది. సర్వర్‌కి కలిపిన లాప్‌టాప్‌లో కోడ్స్ అన్నీ కనిపించాయి.

"సాపాటు అయినాకే మిగతా పని" అని పెద్దాయన భార్య రంగమ్మాళ్ సంగటి వడ్డించింది.

"కేబుల్ చూసి వస్తాను" అంటూ జయప్రియ సామాన్ల గదిలోకి వెళ్లింది. రాగుల బస్తాల పక్కనే సర్వర్ ఉంది.

విమల్ లాప్‌టాప్ వైపు చూశాడు. కోడ్స్ లేవు! ఫోల్డర్‌లో ఒకే ఒక్క ఫొటో. నామాలు, శంఖచక్రాలు.

"ఇదేంటమ్మా?"

"మా తిమ్మరాయస్వామి. మా ఆయన వట్టి ఫోల్డర్ చేస్తా ఉంటే నేనే పెట్టించినాను. కొత్త కుండలో గూడా పిడికెడు రాగులు వేసే గదప్పా ఇంట్లోకి తెస్తాము! వట్టిది పెట్టకూడదు."

విమల్ సంగటి ముద్ద చేతిలో ఉండగానే లేచాడు. ఫోల్డర్‌లో ముందే ఉన్నదాన్ని పైన మౌంట్ అయిన డిస్క్ కప్పేస్తుంది. స్వామి కనబడ్డాడంటే డిస్క్ పోయినట్టే!

ఒక్క గంతులో సామాన్ల గదిలోకి దూకాడు. డిస్క్ జయప్రియ హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది. లిప్‌స్టిక్ పిస్టల్ అతని వైపు తిరిగి ఉంది. బ్యాకప్ నడుస్తోంది.

"ఇక్కడ ఫోల్డర్ ఖాళీ, కాబట్టి ఆఫీసు కాపీ ఇప్పుడే చెరిగిపోతుంది. అసలుది నాతో బొమ్మిడిలో రైలెక్కుతుంది. థాంక్స్, ఎక్స్‌పర్ట్!"

విమల్ చేతిలోని ముద్ద విసిరాడు. అది నల్లకళ్లద్దాల మీద బంకలా అతుక్కుంది. పిస్టల్ గుండు గురి తప్పి బస్తాలో దిగింది. స్క్రీన్ మీద 'డిలీటింగ్' అని పడుతుండగానే కేబుల్ పీకేశాడు.

ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఒక్క ఫైలూ పోలేదు.

"ఆ ఫొటో ఎక్కడిది? నేను చూసినప్పుడు లేదే!" అని అరిచింది జయప్రియ, బేడీల్లో.

రంగమ్మాళ్‌కి కోపం వచ్చింది. "నన్నొక మాట అడిగింటే చెప్పుందును గదే! అన్నం పెట్టిన ఇంట్లో దొంగతనమా? థూ!"

చీఫ్ ఢిల్లీకి పంపిన రిపోర్టులో తిమ్మరాయస్వామిని 'అడ్వాన్స్‌డ్ ఇంట్రూజన్ డిటెక్షన్ సిస్టమ్' అని రాశారు. రూపకల్పన అన్నచోట తన పేరే వేసుకున్నారు.